మొక్కు తోడేలు

దయ్యాల కథలు రాసేవాడికి భయం ఉండదని జనం అనుకుంటారు. నన్ను ఎరిగినవాళ్లెవరూ ఆ మాట అనరు. మీసాలు వచ్చాక కూడా, పొద్దుగూకిందంటే పెరట్లోకి పోవడానికి మా అమ్మను తోడు పిలిచేవాణ్ని. అయినా నేను రాసినవన్నీ భయం కథలే. అందులో సగానికి పైగా తోడేలు మనుషుల కథలు. నా పేరు ఇంద్రసేన. ఇబ్రహీంపట్నంలో చదువు వచ్చిన నలుగురూ నన్ను తోడేలు పటేల్ అనేవారు, నా ముందు కాదనుకోండి.

నా కథలు వేసే మద్రాసు పత్రికాయనకు ఈ తోడేళ్లు సుతరామూ నచ్చేవి కావు. మన వైపు తోడేలు మనుషులు ఎక్కడున్నారండీ, కొరివి దయ్యం రాయండి, బ్రహ్మరాక్షసి రాయండి అని మొత్తుకునేవాడు. నాకు కొరివి దయ్యాలు ఆనవు. చచ్చినవాడు వచ్చి భయపెడితే అందులో గొప్పేముంది? వాడికిక పోయేదేముంది? తోడేలు మనిషి అట్లా కాదు. బతికున్నవాడు. పొద్దున మన పక్కన కూర్చుని గటక తాగుతాడు. తన ఒంట్లో ఏముందో వాడికి తెలుసు, దాన్ని చూసి అందరికంటే ముందు వాడే వణుకుతాడు. వాడంటే నాకు భయమూ జాలీ ఇష్టమూ అన్నీ ఒక్కసారే పుట్టుకొస్తాయి.

ఈ పిచ్చిలో నాకు ఒక్కడే తోడు, మౌలాలి. మా ఊరి గాజుల సాయిబు కొడుకు. సికింద్రాబాదులో టాకీసుల ముందు కట్టే పెద్ద పెద్ద గుడ్డ బొమ్మలు గీసేవాడు. తెల్ల సోల్జర్ల కోసం ఒకసారి తోడేలు మనిషి సినిమా ఆడింది. దానికి మౌలాలి గీసిన బొమ్మ చూసి ఒక దొరసాని టాంగా దిగకుండానే వెనక్కి మళ్లించుకుపోయిందట. ఇది వాడు చెప్పుకున్నదే, సాక్ష్యం లేదు. ఆ సినిమా ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెర మీద మనిషి చేతికి బొచ్చు మొలుస్తుంటే నేను మౌలాలి మోచెయ్యి పట్టుకున్నాను, వాడు నాది పట్టుకున్నాడు.

బయటికొచ్చాక నేనింకా వణుకుతూనే ఉన్నాను. వాడు మాత్రం ఉసూరుమన్నాడు.

"బొచ్చు తప్పు పెట్టిండ్రు పటేలా. తోడేలు మూతి మీద బొచ్చు ముక్కు కాడికెల్లి ఎనకకు పోతది. వీళ్లు గడ్డం లెక్క కిందికి దువ్విండ్రు."

వాడికి తెలుసు. రాచకొండ గుట్టల్లో గొల్లవాళ్లు కొట్టి చంపిన తోడేలు ముందు దినమంతా కూర్చుని, ఈగలు ముసురుతున్నా లేవకుండా, దాని బొచ్చును కాగితం మీద గీసుకున్నవాడు వాడు.

నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య అయి యూనియన్ మిలిట్రీ వచ్చిన తరువాత, ఆ మౌలాలి మా ఇంట్లో గరిసెల అర్రలో దాక్కుని ఉన్నాడు. వడ్లు పోసే గరిసెల వెనక, గోడకు ఆనుకుని, పగలంతా ఊపిరి బిగబట్టుకుని.

జరిగింది ఇది. వానాకాలంలో రజాకార్లు లారీ మీద జెండా గీయించుకోవడానికి మౌలాలిని ఇంట్లోంచి పట్టుకుపోయారు. రంగు ఆరకముందే లారీ యాచారం దిక్కు కదిలింది. వాణ్ని దిగనివ్వలేదు. దారిలో జొన్న చేను కాడ నారయ్య తమ్ముడు ఎల్లస్వామిని కాల్చేశారు. నారయ్య మా ఊరి కాపు, మా పొలం గట్టు పక్కవాడు. అతను చేన్లో పడుకుని అంతా చూశాడు. లారీలో రంగు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మౌలాలినీ చూశాడు.

తరువాత మిలిట్రీ వచ్చింది. రజాకార్ల టోపీలు రాత్రికి రాత్రే బావుల్లో పడ్డాయి. నిజంగా తుపాకి పట్టినవాళ్లు చాలామంది తప్పించుకుపోయారు. మిగిలినవాళ్లలో ఎవడు రజాకారో, ఎవడు గాజులు అమ్ముకునేవాడో అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. మొన్నటిదాకా చేలల్లో దాక్కున్నవాళ్లే గొడ్డళ్లు పట్టుకుని దారులన్నీ కాశారు. వాళ్లలో నాకు చిన్నప్పటి నుంచి తెలియనివాడు లేడు. మౌలాలి తండ్రి ముందే హైదరాబాదు పట్నం చేరుకున్నాడు. నారయ్య మాత్రం తమ్ముణ్ని దహనం చేసిన చోటి బూడిద పిడికిట్లోకి తీసుకుని, ఊరందరూ వినేటట్టు ఒట్టు పెట్టుకున్నాడు.

"మౌలాలిగాడు దొరికిననాడు వేరేటోళ్లు ముట్టుకోవద్దు. గీ చేతులతోనే సంపుత."

ఆ మాట విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికే వాడు మా అర్రలో ఉన్నాడు.

ఒకసారి అడిగాను వాణ్ని. "లారీలకెల్లి దుంకి ఉరకకపోయినవా?"

"తుపాకి పెడితె నువ్వు దుంకుతవా పటేలా?"

నేనైతే ఆ లారీలో కూర్చున్నచోటే తడిపేసేవాణ్ని.

రోజులు గడుస్తున్నకొద్దీ నాకు అన్నం లోపలికి దిగేది కాదు. రాత్రయితే దారుల మీద మిలిట్రీ వాళ్లు ప్రతి బండీ ఆపుతున్నారు. పగలు మా ఊరివాళ్లే ప్రతి ముఖం చూస్తున్నారు. వాడు దొరికితే వాడితోపాటు మా ఇల్లూ తగలబడుతుందని నాకు తెలుసు. ఇంతలో ఒకనాడు మా అమ్మ నర్సమ్మ నీళ్ల బిందె దించుతూనే నన్ను లోపలికి లాక్కుపోయింది.

"నారయ్య అడిగిండు బిడ్డా. గరిసెల అర్రకు ఎన్నడు లేంది తాళమెందుకు ఏసిండ్రమ్మా అని."

"ఏం చెప్పినవ్?"

"ఎలుకలన్న. తాళమేస్తె ఎలుకలు ఆగుతయా అని నవ్విండు."

ఆ నవ్వు నేను చూడకపోయినా నాకు కనబడింది. ఇక ఆగితే లాభం లేదనుకున్నాం. పీర్ల పండుగ దగ్గర పడింది. ఊళ్లో మనిషి ముఖాన్ని ఎవరూ చూడని దినం ఏడాదిలో అదొక్కటే.

నిజానికి ఆ ఏడు పీర్లు లేస్తాయని ఎవరూ అనుకోలేదు. పీర్ల కొట్టం చూసుకునే ముజావర్ ఇంటికి తాళం పడింది. కానీ పెద్ద పీరును, అంటే పొడుగు కర్రకు తొడిగిన పెద్ద వెండి హస్తాన్ని, ఎత్తుకునేది తాతల నాటి నుంచీ నారయ్య ఇంటివాళ్లు. పీరును చీకట్లో పండబెడితే ఊరికి అరిష్టమని నారయ్యే కొట్టం తలుపు తీశాడు, అలుకు చల్లించాడు, ఊదు వేశాడు, పీరుకు కొత్త గుడ్డల దట్టీలు కట్టాడు. ఒక సాయిబును చంపుతానని ఒట్టు పెట్టుకున్నవాడే సాయిబుల పీరును ఎత్తుకోవడం మా ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు. పీరు సాయిబులది అని మేమెప్పుడూ అనుకోలేదు మరి.

ఆ పండుగకు రోగం తగ్గినవాళ్లు, పిల్లలు పుట్టినవాళ్లు పులి వేషం మొక్కుకుంటారు. ఒళ్లంతా పసుపు రంగు పూసుకుని నల్ల చారలు గీయించుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. రంగు పడ్డాక వాడు మాట్లాడడు, ఎవరని ఎవరూ అడగరు. ఆ రంగును బయటివాళ్లు ముట్టుకోరాదు, ముట్టుకుంటే మొక్కు చెడి కీడు తగులుతుంది. పొద్దుగూకే వేళ పీర్లు చెరువుకు పోతాయి. అప్పుడు వేషగాడు నీళ్లలో పెద్ద పీరు ముందు నిలబడి మునుగుతాడు. రంగు పోయి ముఖం బయటపడితే పీరు ఎత్తుకున్నవాడు ముందుగా చూసి సరే అంటాడు, నొసట ఊదు బూడిద పెడతారు. మొక్కు తీరినట్టు.

మా ఉపాయం చెరువుదాకా పోవడం కాదు. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల పులులు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. వాటిలో ఒక పులిగా మౌలాలి బయటపడాలి. మన్నెగూడ బాట మలుపులో మా బండి తోలే ఇశ్రాయేలు ఖాళీ గోనెసంచులు వేసుకుని కాచుకుని ఉంటాడు. చర్చికి పోయే మనిషి, నోరు తక్కువ. మిలిట్రీ వాళ్లు చీకటి పడ్డాకే బండ్లు ఆపుతారు గనుక, పీర్లు చెరువు చేరేసరికి మౌలాలి పట్నం చేరాలి.

పండుగనాడు తెల్లవారగానే గరిసెల అర్రలో దీపం పెట్టి, గోడకు అద్దం ఆనించి, నేను పసుపు రంగు కలిపాను. పక్కన దీపం మసి, సుద్ద, ఎర్రమట్టి గిన్నెలు. వాడి భుజం మీద పసుపు పూసి చార గీశాను. వాడు అద్దంలో చూసుకున్నాడు.

"గిది పులి చారనా పటేలా? బీరకాయ లెక్కున్నది."

"నోర్మూసుకో. పానం మీదికి వచ్చింది, నీకు అందం గావాల్నా?"

"కావాలె" అన్నాడు వాడు. చాలా రోజుల తరువాత నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. వాడు గిన్నెల దిక్కు చూశాడు. నేనూ చూశాను. నలుపు, తెలుపు, ఎరుపు. మేమిద్దరం ఒక్కటే అనుకున్నామని ఎవరూ చెప్పనక్కరలేదు. వాడు తడిగుడ్డతో భుజం తుడుచుకుని పసుపు గిన్నెను కాలితో పక్కకు జరిపాడు.

"తోడేలు" అన్నాడు.

ఊళ్లో పులులు ఎన్నో ఉంటాయి, తోడేలు ఒక్కటే ఉంటుంది. ఈ మాట ఇద్దరిలో ఒక్కరికైనా తట్టాలి. తట్టలేదు. కుంచె వాడే లాక్కున్నాడు. అద్దంలో చూసుకుంటూ ముఖం మీద, రొమ్ము మీద, చేతుల మీద ఒక్కొక్క వెంట్రుకా గీసుకున్నాడు. ముక్కు కాడి నుంచి వెనక్కి. మసి మీద సుద్ద, సుద్ద మీద ఎర్రమట్టి, మళ్లీ సన్నగా మసి. కళ్లు ఇంకా లోపలికి పోయాయి. దవడ ముందుకొచ్చింది. వీపు అందదు గనుక అది నాకు వదిలాడు. నేను నాకొచ్చినట్టు బరబరా గీకాను. అంతసేపూ మాకు నారయ్య గుర్తుకు రాలేదు. నేను రాసిన కథలన్నిట్లో లేని తోడేలు మనిషి నా ముందు కూర్చున్నాడు, నాకు ఒళ్లు ఝల్లుమంటున్నది, సంతోషంగానూ ఉంది.

అమ్మ తలుపు తీసి చూసి చెంబు జారవిడిచింది. ఆమె భయపడినందుకు మేము మురిసిపోయాం కూడా.

"పులి ఏస్కోరా అంటె గిదేందిరా?" అన్నది తేరుకుని. "జనం గీన్ని ఇడుస్తరా?"

కడిగి మళ్లీ వేయడానికి పొద్దు లేదు. వీధిలో డప్పులు మొదలయ్యాయి. మొక్కుకున్నవాడి వెంట జోలె పట్టుకుని ఇంటివాడొకడు పోవాలి. జోలె నేను తగిలించుకున్నాను.

మొదటి మలుపులోనే అమ్మ మాట నిజమైంది. ఎదురొచ్చిన ఆడవాళ్లు కెవ్వుమని గోడలకు అతుక్కున్నారు. ఆ తరువాత నవ్వారు. ఆ తరువాత వెంటబడ్డారు. "తోడేలు మొక్కంట! ఎన్నడన్న చూసినమా?" అంటూ ఇళ్లలోంచి జనం వచ్చేశారు. పక్క ఊళ్ల పులుల్ని చూసే దిక్కు లేదు. ప్రతి గడప ముందూ ఆడాలి, వాళ్లు పెట్టే బెల్లం మలీద ముద్ద తీసుకోవాలి, కాళ్ల మీద నీళ్లు పోయించుకోవాలి. మౌలాలి నడుం వంచి, గాలి వాసన పట్టి, తల ఒక పక్కకు తిప్పి చూస్తుంటే గుంపు గుంపంతా వెనక్కి జరిగేది. భయంతో వాడు ఇంకా బాగా ఆడుతున్నాడు. వాడంత బాగా ఆడకపోతే బాగుండునని నేను పళ్లు కొరుక్కున్నాను.

ఎట్లాగో మెల్లగా మన్నెగూడ బాట దిక్కు జరుపుకుపోయాను. మలుపులో ఇశ్రాయేలు బండి కనబడింది. ఎద్దుల మెడలు తడుముతూ నిలబడ్డ అతను మా వెనకున్న జనాన్ని చూసి చేయి కిందికి దించేశాడు. నేను ఇంకో నాలుగడుగులు వేశాను.

"యాడికి పటేలా?" ఎవరో నా జోలె పట్టుకున్నారు. "పెద్ద పీరు ముంగట ఆడకుంట ఊరు దాటిస్తవా?"

కోపంగా కాదు, ముద్దుగానే అన్నారు. అందరూ చేతులు పట్టి, తోడేలును ముట్టకుండా చుట్టూ వలయం కట్టి, వెనక్కి తిప్పారు. బండి నా వెనక ఉండిపోయింది.

పీర్ల కొట్టం ముందు గుండంలో మంట లేస్తున్నది. నారయ్య పెద్ద పీరును రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చాడు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. జనం "అసోయ్ దూలా" అని అరిచారు. నారయ్య తోడేలును చూసి ఆగాడు. అందరిలాగే మొదట ఒక అడుగు వెనక్కి వేశాడు. తరువాత ముందుకొచ్చాడు. పీరును ఎత్తిపట్టుకునే, మెడ మాత్రం వంచి, తోడేలు రొమ్ము మీద బొచ్చును చూశాడు. చాలాసేపు చూశాడు.

"పటేలా" అన్నాడు నా దిక్కు తిరగకుండానే. "మా దర్వాజ కాడ ఏనుగులున్నయి. ఎల్లస్వామి పెండ్లికి గీయించిన. వాటి తోకలకు గిట్లనే ఉంటది బొచ్చు. ఒక్కొక్కటి."

"నేనే గీసిన నారయ్యా" అన్నాను.

అతను తోడేలు చుట్టూ తిరిగి వీపు చూశాడు.

"గిది నువ్వు గీసినవ్. ముంగట దిక్కు నువ్వు గాదు."

ఇప్పుడు అరుస్తాడు, పీరును ఎవరికో ఇస్తాడు, ఎవరి చేతిలోనిదో గొడ్డలి అందుకుంటాడు అనుకున్నాను. అతను అవేవీ చెయ్యలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మొక్కు రంగు మీద చెయ్యి ఎయ్యరాదు" అన్నాడు. "చెరువు కాడ కడుక్కుంటడు గద. నడువుండ్రి."

కథల్లో నేను మనుషుల్ని ఎన్నోసార్లు చావు దగ్గరికి నడిపించాను. చీకటి ఉండేది, ఉరుములుండేవి. ఇక్కడ ఎండ ఉంది. డప్పులు, ఊదు పొగ, కొత్త చీరల వాసన. దారి పొడుగునా ఆడవాళ్లు ఎదురొచ్చి తోడేలు కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోశారు, పిల్లల్ని వాడి నీడ మీదుగా దాటించారు. నారయ్య ఎవరితోనైనా చెప్పాడా? చెప్పలేదా? నాకు తెలియలేదు. గొడ్డలి భుజాన వేసుకున్న ఒకతను నన్ను చూసి నవ్వాడు. తెలిసి నవ్వాడా, పండుగ నవ్వా? చుట్టూ ఉన్నవన్నీ నేను పుట్టినప్పటి నుంచీ చూసిన ముఖాలే. ఒక్కదాన్నీ నేను గుర్తుపట్టలేకపోయాను.

మౌలాలి మెడ మీద చెమటకు మసి కారడం మొదలైంది. సన్నని గీతగా కంఠం దాకా వచ్చింది. తుడవడానికి వీల్లేదు. నేను దాన్నే చూస్తూ నడిచాను.

"పటేలా" అన్నాడు వాడు పెదవులు కదపకుండా. డప్పుల్లో నాకొక్కడికే వినబడింది. "నువ్వు పక్కకు తప్పుకో. అమ్మ ఒక్కతే ఉంటది."

తప్పుకోవాలని ఉంది. ఎంత ఉందో చెప్పలేను. ప్రతి సందు వచ్చినప్పుడల్లా నా ఒళ్లు ఆ సందులోకి మళ్లుతున్నది. వాణ్ని ఒంటరిగా పంపాలంటే మాత్రం దానికంటే ఎక్కువ భయమేసింది. అందుకే నడిచాను, అంతే.

చెరువు ఆ ఏడు కట్టదాకా నిండింది. పొద్దు నీళ్లకు దగ్గరగా దిగింది. చిన్న పీర్లు వరుసగా ఒడ్డున నిలబడ్డాయి. నారయ్య పెద్ద పీరుతో తొడల లోతు నీళ్లలోకి దిగి, ఒడ్డు దిక్కు తిరిగి నిలబడ్డాడు. ఊదు పళ్లెం మొక్కుకున్నవాడి ఇంటివాళ్లు పట్టాలి. నేను పళ్లెం పట్టుకుని నారయ్య పక్కకు చేరాను. పులులు ఒక్కొక్కటే వచ్చి మునిగాయి. పసుపు నీళ్లు తేలాయి. ముఖాలు బయటపడుతుంటే, ఫలానావాడని ఒడ్డున నవ్వులు.

చివరికి తోడేలు వచ్చింది. ఒడ్డుకు వీపు పెట్టి నారయ్య ఎదురుగా నిలబడింది. మౌలాలి ఒక్కసారి నా దిక్కు చూసి, కళ్లు మూసుకుని మునిగాడు, నీళ్లలోనే రెండు చేతులా ముఖం రుద్దుకున్నాడు.

లేచినప్పుడు నల్లటి నీళ్లు గడ్డం మీది నుంచి కారిపోయాయి. మౌలాలి ముఖం. పాలిపోయి, మాసిన గడ్డంతో. వెనక వీపు మీద మాత్రం నేను గీకిన బొచ్చు ఇంకా అట్లాగే ఉంది. ఒడ్డున ఉన్నవాళ్లకు కనబడేది అదొక్కటే.

నారయ్య చేతుల్లో పీరు కదిలింది. పెద్ద పీరు బరువు, దానికి రెండు చేతులూ కావాలి.

"లారీల ఉన్నది నువ్వే గద?" అన్నాడు. గొంతు మా ఇద్దరినీ దాటి పోలేదు.

"నేనే అన్నా."

"మా తమ్ముడు నిన్ను చూసిండా?"

"చూసిండు. పేరు పెట్టి పిలిసిండు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే." మౌలాలి పళ్లు టకటకమన్నాయి. "భయమైందన్నా. తల ఒంచుకున్న."

నారయ్య కళ్లు మూసుకున్నాడు. దవడ కండలు బిగుసుకుని వదులయ్యాయి, మళ్లీ బిగుసుకున్నాయి. అతని తొడల చుట్టూ నీళ్లు అలలు తిరుగుతున్నాయి. అతను ఇప్పుడే పీరును దించేస్తాడని నేను అనుకున్నాను. దించితే ఆ చేతులు ఏం చేస్తాయో నాకు తెలుసు. అతనికీ తెలుసు.

"ఒట్టు పెట్టుకున్న" అన్నాడు కళ్లు తెరవకుండా. "ఊరంత ఇన్నది. గీ పీరును నీళ్లల్ల పెట్టిన్నంటె నా చేతులు ఖాళీ అయితయి. అయినంక నన్ను ఎవ్వడాపుతడు? నా తోనైతె గాదు."

నారయ్య కళ్లు తెరిచాడు.

"అలుగు దిక్కు పో. ఒడ్డుకు ఈపు పెట్టి పో. ఉరకకు. మల్ల గీ ఊళ్ల కనబడకు."

వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. నేను పళ్లెం ఒక చేతిలోకి మార్చుకుని వాడి భుజాన్ని తోశాను. నా అరచేతికి మసి అంటింది. వాడు నీళ్లలో పక్కకు అడుగేశాడు. ఇంకో అడుగు. చెరువు నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే రాతి అలుగు దూరంగా తెల్లగా మెరుస్తున్నది. దాని అవతల నుంచి మన్నెగూడ బాటకు కాలిదారి ఉంది.

"తోడేలు యాడికి పోతుంది?" అని ఒడ్డు మీది నుంచి ఎవరో కేకేశారు.

"అలుగు కాడ సుత ఒక మునక మొక్కిండు" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది. అప్పటికే వాళ్ల చూపులు పీరు మీద ఉన్నాయి.

చిన్న పీర్లన్నీ నీళ్లు తాకి, గుడ్డలు చుట్టుకుని, బుట్టల్లోకి చేరాయి. పెద్ద పీరు మిగిలింది. డప్పులు ఊపందుకున్నాయి. "దించు నారయ్యా" అన్నారు. నారయ్య దించలేదు. "పొద్దు పోతుంది, దించవేందయ్యా" అన్నారు. నారయ్య నిలబడే ఉన్నాడు. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"పీరు దిగుతలేదు!" అని ఒక ముసలామె గుండెలు బాదుకుంది. ఆ మాటతో ఒడ్డంతా గగ్గోలైంది. ఏం తప్పు చేశామో, ఎవరి ఉసురు తగిలిందో అని ఆడవాళ్లు నేల మీద పడి దండాలు పెట్టారు. ఎవరో ఊదు పిడికిళ్లతో నిప్పుల్లో పోశారు. ఇద్దరు మొగవాళ్లు పట్టుకుందామని నీళ్లలోకి దిగబోయారు.

"రాకుండ్రి!" నారయ్య అరిచాడు. అది నేను ఎరిగిన గొంతు కాదు. వాళ్లు వెనక్కి గెంతారు.

పీరు బరువుకు అతని భుజాలు కిందికి లాగుతున్నాయి. మోచేతులు వణుకుతున్నాయి. దట్టీల చివరలు నీళ్లను తాకబోయి మళ్లీ పైకి లేస్తున్నాయి. అలుగు అతనికి వెనక దిక్కు. అతను తల తిప్పలేదు.

"పోయిండా?" అని నన్ను అడిగాడు.

నేను చూశాను. అలుగు రాళ్ల మీద ఒక నల్లటి ఆకారం పాకురుకు జారి పడింది, లేచింది.

"ఇంక లేదు. అలుగు మీదున్నడు."

ఊపిరి పళ్ల మధ్య నుంచి వదిలాడు. చెంపల మీది నుంచి నీళ్లు కారుతున్నాయి, అవి చెమటో ఏడుపో చెప్పలేను. తమ్ముణ్ని పేరు పెట్టి ఏదో గొణిగాడు. నేను అతని పక్కనే, చేయి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడి ఉన్నాను. నా జన్మలో ఏ మనిషిని చూసీ అంతగా భయపడలేదు. అంతగా దండం పెట్టాలనిపించిందీ లేదు.

"పోయిండా?"

మౌలాలి అవతలి గట్టెక్కాడు. ఒక్కసారి ఆగి, తుమ్మ చెట్ల వెనక కనబడకుండా పోయాడు. అలుగు మీద నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇశ్రాయేలు ఇంకా కాచుకునే ఉన్నా, బండిదాకా ఎంతో దూరం నడవాలి.

"లేదు" అన్నాను. "ఇంక దాటలే."

నారయ్య నా ముఖంలోకి చూశాడు. అబద్ధమని అతనికి తెలిసిపోయింది.

"సరే" అన్నాడు, వణుకుతున్న చేతులతో పీరును ఇంకాస్త పైకెత్తాడు.